మొదటి దరఖాస్తులో లేని పద్దు

నేను విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో డిజిటల్ విభాగం చూస్తాను. అధ్యాపకులు తమ కోర్సులకు సూచించే పుస్తక భాగాలనూ వ్యాసాలనూ స్కాన్ చేసి, విద్యార్థులు తమ కంప్యూటర్లలో చదువుకునేలా ఉంచడం మా పని. ఆ పని సవ్యంగానే సాగుతోందని చాలా కాలం నమ్మాను. ఒక సాయంత్రం చూపు లేని ఒక పరిశోధక విద్యార్థిని మా కౌంటరు దగ్గరికి వచ్చి, ల్యాప్‌టాప్ తెరిచి, తన ఇయర్‌ఫోన్లలో ఒకటి నా చేతికిచ్చి, "ఒక్కసారి మీరే వినండి మేడమ్" అంది. అంతకు వారం ముందు ఆమె అడిగితే మేమే పంపిన అధ్యాయం అది. ఆమె కింది బాణం మీట నొక్కింది. "ఖాళీ" అని వినిపించింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ "ఖాళీ". తెర మీద నా కళ్ళకు అక్షరాలతో కిక్కిరిసిన పేజీ కనిపిస్తోంది, చెవిలో మాత్రం ఆ ఒక్క మాటే పేజీ తర్వాత పేజీ వినిపిస్తోంది. స్కాన్ చేసిన పేజీ కంప్యూటరుకు ఒక ఫోటో మాత్రమేననీ, అందులోని అక్షరాలను ఓసీఆర్ అనే సాఫ్ట్‌వేర్‌తో గుర్తించి పాఠంగా మారిస్తే తప్ప, తెర మీది పాఠాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదవలేదనీ నాకు తెలియని విషయమేమీ కాదు. తెలిసి కూడా ఇన్నేళ్ళూ ఆ ఫైళ్ళను అలాగే పంపిస్తూ వచ్చామన్న ఆలోచన ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

మా విశ్వవిద్యాలయం వైకల్యం ఉన్న విద్యార్థులకూ సిబ్బందికీ ఎదురయ్యే అడ్డంకులను తొలగించే చిన్న ప్రాజెక్టుల కోసం ఏటా కొంత నిధి కేటాయిస్తుంది. విభాగాలు దరఖాస్తు చేసుకుంటే కమిటీ పరిశీలించి మంజూరు చేస్తుంది. వచ్చిన సొమ్మును ఏడాదిలోగా ఖర్చుచేసి, లెక్కలు, నివేదిక సమర్పించాలి. ఆ సాయంత్రం తర్వాత నెల తిరక్కుండానే నేను దరఖాస్తు రాశాను. బ్రెయిలీ ముద్రణ యంత్రం, వేగంగా పనిచేసే స్కానర్, ఖరీదైన స్క్రీన్ రీడర్ లైసెన్సులు, వీటన్నిటినీ అమర్చడానికి ఒక ప్రత్యేక గది, పఠన మందిరం తలుపుకు మోటారు అని వరుసగా అడిగాను. కమిటీ దాన్ని తిరస్కరించింది. తిరస్కరణ లేఖలో మూడే ప్రశ్నలున్నాయి: ఇది ఎవరికి కావాలో మీకెలా తెలుసు, దీన్ని రోజూ ఎవరు నడుపుతారు, నిధి అయిపోయాక దీని గతేమిటి?

చాలా బాధపడ్డాను. ఆ ఫైలు ఆమె చెవిలో "ఖాళీ" అనడం ఆ కమిటీ సభ్యులెవరూ వినలేదు కదా అనుకున్నాను. కానీ లేఖను నాలుగైదు సార్లు చదివాక మొదటి ప్రశ్నకే నా దగ్గర జవాబు లేదని ఒప్పుకోక తప్పలేదు. మర్నాడు ఆ విద్యార్థినినే అడిగాను. ఆమెకు చూపు పోయింది పెద్దయ్యాక కాబట్టి బ్రెయిలీ చదవదు. ఆమె వాడే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ. చూపు లేని మైకేల్ కరన్ ఆస్ట్రేలియాలో 2006లో రూపొందించడం మొదలుపెట్టిన ఆ సాఫ్ట్‌వేర్ ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. ప్రత్యేక గది సంగతి ఎత్తగానే ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అందరూ కూర్చునే హాల్లోనే నేనూ కూర్చుంటాను మేడమ్, నా ఫైలు సరిగా ఉంటే చాలు" అంది. నేను అడిగిన అయిదు వస్తువుల్లో మూడు ఆమెకు అక్కరలేనివి. బ్రెయిలీ అవసరమైనవాళ్ళు లేరని కాదు, గణితం, సంగీతం లాంటి విషయాల్లో బ్రెయిలీకి సాటి లేదని చెప్పేవాళ్ళు ఉన్నారు. అయితే మా దగ్గర ఎవరు చదువుతున్నారో, వాళ్ళకేం కావాలో అడగకుండా నా ఊహతో ఆ పట్టిక తయారుచేశాను.

రెండో దరఖాస్తుకు ఏడాది గడువుంది. మొదటి మూడు నెలలూ ఒక్క వాక్యం కూడా రాయకుండా మనుషులతో మాట్లాడాను. విశ్వవిద్యాలయం రికార్డుల్లో వైకల్యం నమోదు చేసుకున్నవారి సంఖ్య చాలా చిన్నది. ఎందుకంటే చాలామంది చెప్పుకోరు. చెబితే చిన్నచూపు చూస్తారని కొందరు, చెప్పినా ఒరిగేదేమీ లేదని కొందరు మౌనంగా నెట్టుకొస్తారు. డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడంలో ఇబ్బంది ఉన్న ఒక విద్యార్థి డిగ్రీ చివరి సంవత్సరం వరకూ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. తన ఫోన్లో పాఠాన్ని వింటూ పుస్తకంలో చూపుడువేలు కదిలించుకుంటూ చదువుతానని, మా స్కాన్ ఫైళ్ళు తనకూ పనికిరావని నాతోనే మొదటిసారి చెప్పాడు. దరఖాస్తు పత్రంలో మాత్రం "లబ్ధిదారుల సంఖ్య" అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో నమోదైన సంఖ్య వేస్తే ప్రాజెక్టు పరిమాణం చిన్నదైపోతుంది, ఊహించి పెద్ద సంఖ్య వేస్తే అబద్ధమవుతుంది.

అప్పుడు మా విభాగంలోని ఒక యువ సహోద్యోగి, మనుషుల్ని కాకుండా అడ్డంకుల్ని లెక్కపెడదామన్నాడు. ఒక సెమిస్టరులో అధ్యాపకులు సూచించిన ఫైళ్ళన్నిటినీ ఒక్కొక్కటే తెరిచి, మౌస్‌తో ఒక వాక్యాన్ని ఎంచుకోవడానికి ప్రయత్నించాం. వాక్యం నీలంగా మారితే అందులో పాఠం ఉన్నట్టు, పేజీ మొత్తం ఒక్క ముద్దగా ఎంపికైతే అది బొమ్మ అన్నట్టు. ఎవరైనా చేయగల పరీక్ష అది. సగానికి పైగా ఫైళ్ళు బొమ్మలే అని తేలింది. ఆ జాబితాను, కోర్సుల పేర్లతో సహా, దరఖాస్తుకు జతచేశాం. ఇక లబ్ధిదారుల గడిలో, నమోదైన విద్యార్థుల సంఖ్యతో పాటు, ఆ కోర్సుల్లో చేరిన విద్యార్థులందరి సంఖ్యా వేశాం. పాఠంలో ఒక మాట వెతుక్కోవడం చూపున్న విద్యార్థికి కూడా కావాలి కనుక ఆ లెక్కలో అతిశయోక్తి ఏమీ లేదు.

ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబరులో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక 24వ అధికరణం, విశ్వవిద్యాలయ విద్య కూడా ఇతరులతో సమానంగా, వివక్ష లేకుండా అందాలనీ, అందుకు తగిన సర్దుబాట్లు చేయాలనీ చెబుతుంది. మొదటి దరఖాస్తులో నేను దాని గురించి రెండు పేజీలు రాశాను. రెండోసారి రెండు వాక్యాలతో ఆపేశాను. అనుభవం ఉన్న ఒక ఆచార్యులు, "హక్కు ఉందని వాళ్ళకు తెలుసమ్మా, సోమవారం పొద్దున మీ విభాగంలో ఎవరు ఏ పని చేస్తారో రాయండి" అని సలహా ఇచ్చారు. నాకు అందిన సలహాల్లో అంత పనికొచ్చింది మరొకటి లేదు.

అసలు కష్టం బడ్జెట్ రాసేటప్పుడు ఎదురైంది. ఫైలు సరిగా తయారైందో లేదో తేల్చగలిగేది దాన్ని స్క్రీన్ రీడర్‌తో రోజూ చదివేవాళ్ళే. చూపున్న మేము ఎంత జాగ్రత్తగా చూసినా, రెండు వరుసలుగా ముద్రించిన పేజీని యంత్రం అడ్డంగా చదివి ఎడమ వరుసలోని సగం వాక్యానికి కుడి వరుసలోని సగం వాక్యాన్ని అతికిస్తోందన్న సంగతి మాకు తెలియదు. అందుకని నలుగురు విద్యార్థులను పరీక్షకులుగా పెట్టుకుని, వాళ్ళు పనిచేసిన ప్రతి గంటకూ పారితోషికం ఇవ్వాలని ఒక పద్దు వేశాం. లెక్కల విభాగం దాని కింద ఎర్ర గీత గీసింది. వాళ్ళ మేలు కోసమే చేస్తున్న పనికి వాళ్ళకే డబ్బివ్వడమేమిటన్నది ఆ విభాగం అభ్యంతరం. ఆ ప్రశ్నలో దురుద్దేశం లేదు, కానీ దాని వెనక వైకల్యం ఉన్న మనిషి ఎప్పుడూ పుచ్చుకునేవాడే తప్ప నైపుణ్యం ఉన్నవాడు కాడన్న భావన ఉంది. భవనానికి కరెంటు పని చేసినవారికి కూలి ఇస్తాం, సాఫ్ట్‌వేర్ పరీక్షించిన కంపెనీకి బిల్లు చెల్లిస్తాం. ఈ పని ఆ రెండింటి కంటే తక్కువ నైపుణ్యంతో అయ్యేది కాదు. ఆ మాటే కాగితం మీద పెట్టి, విద్యార్థులకు పార్ట్ టైమ్ పని ఇచ్చేందుకు అప్పటికే ఉన్న నియమాన్ని ఉదహరించాక, మూడో సమావేశంలో ఒప్పుకున్నారు.

ఆ రోజుల్లోనే ఎడ్ రాబర్ట్స్ గురించి చదివాను. పోలియో వల్ల మెడ కింద శరీరం చచ్చుబడిన ఆయన 1962లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరారు. ఊపిరి తీసుకోవడానికి రాత్రిపూట ఆయనకు అవసరమైన భారీ ఇనుప యంత్రం వసతి గృహంలో పట్టే వీలు లేక, క్యాంపస్ ఆస్పత్రిలోనే గది ఇచ్చారు. ఆయన వెనక మరికొందరు వచ్చి చేరారు. 1970లో ఫెడరల్ ప్రభుత్వ గ్రాంటుతో అక్కడ మొదలైన వికలాంగ విద్యార్థుల సేవా కార్యక్రమాన్ని ఆ విద్యార్థులే నడిపారు. అందులో నన్ను ఆకట్టుకున్నది ఒక చిన్న విషయం: అక్కడ చక్రాల కుర్చీల మరమ్మతు కూడా ఉండేది. కుర్చీ చెడిపోతే ఆ వారం చదువు ఆగిపోతుందని కుర్చీలో కూర్చునేవాళ్ళకు తెలుసు గనుకనే అడిగిన నిధిలో మరమ్మతుకు చోటిచ్చారు. మా రెండో దరఖాస్తులో నిర్వహణకు కూడా ఒక పద్దు ఉండాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

కానీ మా విశ్వవిద్యాలయ నిధి నియమాల ప్రకారం అందులో ఎక్కువ భాగం పరికరాలకే వాడాలి. జీతాలకూ నిర్వహణకూ నాలుగో వంతు మించకూడదు. కొన్న వస్తువును చూపించడం సులువు, అందుకే నియమాలు చాలా చోట్ల అలా ఉంటాయనిపిస్తుంది. మేం స్కానర్‌ను చిన్నదానికి తగ్గించుకుని, రెండో సంవత్సరం నుంచి పరీక్షకుల పారితోషికం గ్రంథాలయ వార్షిక బడ్జెట్ నుంచి చెల్లిస్తామని అధికారిక హామీ పత్రం జతచేశాం. ఆ ఒక్క పత్రం మీద సంతకం కోసం దరఖాస్తు మొత్తం రాయడానికి పట్టినంత కాలం పట్టింది. అయినా దరఖాస్తును నిలబెట్టింది అదేనని కమిటీ సభ్యులే తర్వాత చెప్పారు.

కాపీరైట్ సంగతి కూడా తేల్చుకోవలసి వచ్చింది. ముద్రిత పుస్తకాన్ని చదవలేని పాఠకుల కోసం, ప్రచురణకర్త అనుమతి లేకుండానే అధీకృత సంస్థలు చదవగలిగే రూపంలో ప్రతులు తయారుచేసుకునే వీలును 2013లో కుదిరి 2016లో అమల్లోకి వచ్చిన మరకేష్ ఒప్పందం కల్పిస్తుంది. అందులో చేరిన దేశాలు తమ చట్టాల్లో ఆ మినహాయింపును పొందుపరుస్తాయి. మా న్యాయ సలహాదారు ఆ మినహాయింపు కింద ఎవరికి ఫైలు ఇవ్వవచ్చో ఒక పేజీలో రాసిచ్చారు, దాన్నీ జతచేశాం.

కమిటీ ముందుకు నేనూ ఆ పరిశోధక విద్యార్థినీ కలిసి వెళ్ళాం. నేను ఏమీ వివరించకముందే ఆమె ల్యాప్‌టాప్ స్పీకరు పెంచి, పాత ఫైలును ఒక నిమిషం, సరిదిద్దిన అదే ఫైలును ఒక నిమిషం వినిపించింది. మొదటి నిమిషమంతా "ఖాళీ" అన్న మాటే. రెండో నిమిషంలో అధ్యాయం పేరు, ఉపశీర్షిక, మొదటి పేరా స్పష్టంగా వినిపించాయి. ఒక సభ్యుడు యంత్రం ఇంత వేగంగా చదివితే ఎలా అర్థమవుతుందని అడిగితే, అలవాటు లేనివాళ్ళ కోసం వేగం సగానికి తగ్గించానని ఆమె చెప్పింది. ఆ తర్వాత మమ్మల్ని అడిగిన ప్రశ్నలన్నీ పనిని గురించే.

నిధి మంజూరైంది, కానీ కొంత కోతతో. తలుపు మోటారు ఖర్చు భవన నిర్మాణ విభాగం కిందికి వస్తుందని తీసేశారు. ఆ తలుపు కథ కొంచెం వివరంగా చెప్పాలి. పఠన మందిరానికి దారితీసే ర్యాంపు ప్రమాణం ప్రకారమే ఉంది. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్న లెక్క తప్పలేదు. చక్రాల కుర్చీలో వచ్చే ఒక విద్యార్థి మాత్రం ర్యాంపు ఎక్కి, పైన తలుపు ముందు ఆగి, ఎవరైనా వచ్చేదాకా ఎదురుచూసేవాడు. తలుపు తోస్తే కుర్చీ వెనక్కి జారేది. తూకం వేసే స్ప్రింగ్ త్రాసును పిడికి తగిలించి లాగి చూశాం. లోపలి తలుపులకు చాలా చోట్ల పాటించే పరిమితి సుమారు 22 న్యూటన్లు, అంటే త్రాసులో రెండు కిలోల పైచిలుకు. మా తలుపు కదిలేసరికి ముల్లు అయిదు కిలోలు దాటింది. డబ్బు రాకపోవడంతో ఏం చేయాలో తోచక నిర్వహణ విభాగంలో పనిచేసే ఒక పెద్దాయనను పిలిచి చూపించాను. ఆయన నిచ్చెన వేసుకుని తలుపును దానంతటదే మూసేలా పైన బిగించిన డోర్ క్లోజర్ చూసి, "స్ప్రింగు బాగా బిగించేశారమ్మా, వదులు చేస్తే సరిపోతుంది" అన్నారు. అది అగ్నిప్రమాదాన్ని అడ్డుకునే తరహా తలుపు కాదని భద్రతా విభాగం ధ్రువీకరించాక, పావుగంటలో మర తిప్పి సరిచేశారు. త్రాసు ముల్లు రెండు కిలోల దగ్గర ఆగింది. నేను రెండు దరఖాస్తుల్లో మోటారు కోసం సొమ్ము అడిగిన సమస్యకు ఆ భవనంలో రోజూ తిరిగే మనిషి దగ్గర అంత తేలికైన పరిష్కారం ఉంది. ఆ తర్వాత భవనంలోని ప్రతి తలుపునూ అదే త్రాసుతో కొలిచి జాబితా ఇచ్చాం. ప్రతి సెమిస్టరు మొదటి వారంలో తలుపులు సరిచూడటం ఇప్పుడు నిర్వహణ విభాగం పనుల్లో ఒకటి.

ఫైళ్ళ పని మొదలయ్యేసరికి కొనుగోలు పద్ధతుల వల్ల నాలుగు నెలలు గడిచిపోయాయి, అందులో పరీక్షల కాలం కలిసిపోయింది. నిధి తీసుకునే ఎవరైనా ఈ జాప్యాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి. మొదటి విడతలో అరవై ఫైళ్ళను ఓసీఆర్ చేసి, అక్షరదోషాలు దిద్ది, గర్వంగా పరీక్షకులకు ఇచ్చాం. అన్నీ వెనక్కి వచ్చాయి. అక్షరాలు సరిగానే ఉన్నాయి, కానీ శీర్షికలను శీర్షికలుగా గుర్తు పెట్టలేదు. చూపున్నవాళ్ళు పెద్ద అక్షరాలను చూసి అధ్యాయం మొదలైందని గ్రహిస్తారు. స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళు ఒక మీట నొక్కి ఒక శీర్షిక నుంచి తర్వాతి శీర్షికకు గెంతుతారు; ఆ గుర్తులు లేకపోతే మూడు వందల పేజీలూ మొదటి నుంచి వినుకుంటూ రావాల్సిందే. అరవై ఫైళ్ళనూ తిరిగి చేశాం. పట్టికల్లో ఏ గడి ఏ వరుసకు చెందుతుందో, గణిత సూత్రాన్ని ఎలా పలకాలో, పటాల్లో ఏముందో రాయడం ఇంకా నెమ్మదైన పని. పటాల వర్ణన మేం రాయగలిగింది కాదు. రేఖాచిత్రంలో ఏది ముఖ్యమో చెప్పగలిగేది ఆ పాఠం చెప్పే అధ్యాపకులే, వాళ్ళలో కొందరు వెంటనే రాసిచ్చారు, కొందరి చుట్టూ నెలల తరబడి తిరిగాం. కొన్ని పటాలు ఇప్పటికీ వర్ణన లేకుండానే ఉన్నాయి.

వినికిడి లోపం ఉన్న విద్యార్థులకు వీడియో పాఠాల క్యాప్షన్ల కోసం కొంత భాగం కేటాయించాం. యంత్రం దానంతటదే రాసే క్యాప్షన్లలో మామూలు మాటలు బాగానే వస్తాయి, సాంకేతిక పదాలే తప్పిపోతాయి. విద్యార్థికి కావలసింది సరిగ్గా అవే. ప్రతి పాఠానికీ ముందుగా పదాల జాబితా తీసుకుని దిద్దడం మొదలుపెట్టాక పరిస్థితి మెరుగుపడింది.

చివరి నివేదిక పత్రంలో "లబ్ధిదారులు పరికరాలు అందుకుంటున్న ఫోటోలు" జతచేయమని ఒక నిబంధన ఉంది. పరీక్షకులను అడిగాను. ఒక్కరు కూడా ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడం న్యాయమే. చదువుకోవడానికి వచ్చిన మనిషిని దానం పుచ్చుకుంటున్నట్టు నిలబెట్టి తీసిన ఫోటో ఏ పని జరిగిందో చెప్పదు. ఫోటోల స్థానంలో, పాత, కొత్త ఫైళ్ళను స్క్రీన్ రీడర్ చదివిన ఆడియోలు, తలుపుల కొలతల పట్టిక, ఇంకా పూర్తికాని పటాల జాబితా పంపి, కారణం లేఖలో రాశాను. కమిటీ ఆమోదించింది, మరుసటి ఏడాది పత్రంలో ఆ నిబంధన లేదు.

ఇప్పుడు ఆ కమిటీలో నన్నూ సభ్యురాలిగా వేశారు. దరఖాస్తు చేతికి రాగానే బడ్జెట్ పేజీ తిప్పి, ఎవరి కోసం అడుగుతున్నారో వాళ్ళ సమయానికి విలువ కట్టారా లేదా అని ముందుగా చూస్తాను. ఆ పద్దు లేకపోతే తిరస్కరించమని చెప్పను. నాకు వచ్చిన లాంటి మూడు ప్రశ్నలు రాసి, సరిచేసి పంపడానికి నెల గడువిమ్మని అడుగుతాను.

మా విభాగంలో రెండో సంవత్సరం పారితోషికాలు హామీ ప్రకారం గ్రంథాలయ బడ్జెట్ నుంచే వెళుతున్నాయి. పోయిన వారం ఆ పరిశోధక విద్యార్థిని ఒక ఫైలు వెనక్కి పంపింది. పదిహేడో పేజీ పట్టికలో రెండు గడులు తారుమారయ్యాయని, కింద అధస్సూచిక సంఖ్య వాక్యం మధ్యలో దూరిందని రాసింది. మధ్యాహ్నానికల్లా రెండూ సరిదిద్ది తిరిగి పంపి, ఆమె వెచ్చించిన గంటను ఆ నెల బిల్లులో చేర్చాను.